తాళం ప్రభుత్వానిది, చెవి పౌరునిది

రాజధానిలో నవంబరు మాసం రెండింటికి ప్రసిద్ధి. ఒకటి, ఊపిరి సలపనివ్వని పొగమంచు. రెండవది, పింఛనుదారులు తాము సజీవులమని సర్కారుకు రుజువు చేసుకొనే వార్షిక క్రతువు. మెడకు మఫ్లరు చుట్టుకొని, దగ్గుకుంటూ బ్యాంకుల ముందు బారులు తీరిన వృద్ధులను ఈ నగరంలో ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను. 2014 నవంబరు 10న ‘జీవన్ ప్రమాణ్’ ఏర్పాటు ప్రారంభమైన పిదప వేలిముద్రతోనూ, 2021 నవంబరు నుంచి ఫోను ముందు ముఖం నిలిపి కూడా ఆ రుజువు పంపుకొనే వీలు కలిగింది. బారులు కొంత తగ్గిన మాట వాస్తవం. కాగా, బారు తగ్గిన చోట భయం పెరిగింది. ఈ వారం ప్రస్తావించదలచినది ఆ భయాన్నే.

మా వీధిలో ఒక విశ్రాంత ఉద్యోగి ఉన్నారు. యాభై అయిదేళ్ల కిందట కృష్ణా జిల్లా నుంచి వచ్చి కేంద్ర సచివాలయంలో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవారు. కాగితం కనబడనిదే దేనినీ నమ్మని స్వభావం. గత నవంబరులో ఒక ఉదయం ఫోను చేతబట్టుకొని మా ఇంటికి వచ్చారు.

“ఏమోయ్, నువ్వు పార్లమెంటులో తిరిగేవాడివి గదా, ఇది నిజమో అబద్ధమో చెప్పు” అన్నారు.

పింఛను కార్యాలయం నుంచి మాట్లాడుతున్నానని ఎవరో పలికాడట. జీవన ధ్రువపత్రం తిరస్కృతమైనదనీ, వచ్చే నెల నుంచి పింఛను నిలిచిపోతుందనీ, ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు చెబితే సరిచేస్తాననీ అన్నాడట. ఆయన చెప్పబోయారు. కళ్లజోడు పక్క గదిలో ఉండబట్టి అంకెలు కనబడలేదు. జోడు తెచ్చుకొనే లోపల ఎందుకో అనుమానం తగిలి ఫోను పెట్టేశారు. ఆ సందేశం నేను చదివాను. అది ఒక ఖాతా పాస్‌వర్డు మార్చడానికి వచ్చిన ఓటీపీ. ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక చివరి పంక్తిలో, ఇంగ్లీషులో ఉంది.

“వాడు దొంగ బాబాయిగారూ” అన్నాను.

“దొంగైతే నా పి.పి.ఓ. నంబరు, నేను రిటైరైన తేదీ, బ్యాంకు శాఖ పేరు ఎలా అప్పజెప్పాడయ్యా? అవి నాకే సరిగా గుర్తు లేవు!”

ఈ ప్రశ్నలోనే అసలు సమస్య ఇమిడి ఉన్నది. మన వివరాలు తెలిసినవాడు మనవాడే అయి ఉంటాడని అనుకోవడం పాత కాలపు కార్యాలయ సంస్కారం. గుమాస్తాకు ఫైలు తెలుసును గనుక అతడు నిజమైన గుమాస్తా. కానీ నేడు పుట్టిన తేదీ, పింఛను నంబరు, పన్నెండు అంకెల ఆధార్ సంఖ్య ఎన్ని చేతులు మారాయో ఎవరూ చెప్పలేరు. జిరాక్సు దుకాణంలో, సిమ్ కార్డు అమ్మేవాని సంచిలో, హోటలు రిజిస్టరులో వాటి ప్రతులు పడి ఉన్నాయి. అవి మనిషిని గుర్తించడానికి పనికి వస్తాయే గాని తలుపు తెరిచే రహస్యాలు కాజాలవు. గుర్తింపు వేరు, తాళంచెవి వేరు.

తాళంచెవులు స్థూలంగా మూడు రకాలు. మనకు మాత్రమే తెలిసినది ఒకటి, అది పాస్‌వర్డు. మన దగ్గర మాత్రమే ఉన్నది రెండవది. అది ఓటీపీ అందుకొనే ఫోను. మన దేహమే అయినది మూడవది. వేలిముద్ర, కనుపాప, ముఖం. భవిష్యనిధి ఖాతా గానీ, రైతుకు ఏటా 6000 రూపాయలు అందించే కిసాన్ సమ్మాన్ గానీ, పింఛను గానీ, వీటిలో ఒకటో రెండో చూపనిదే తలుపు తెరుచుకోదు.

మూడింటికీ లోపాలున్నాయి. పాస్‌వర్డును మరచిపోతాము, మరవకుండా ఉండాలని నాలుగు ఖాతాలకూ ఒకటే పెడతాము, ఒకచోట అది బయటపడితే నాలుగు తలుపులూ తెరుచుకుంటాయి. ఫోను నంబరు మన సొంత ఆస్తి కాదు. రీచార్జి మాని, సేవ రద్దయిన నంబరును 90 రోజుల గడువు తరువాత కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు. పల్లెలో కొడుకు కొనిచ్చిన ఫోను మూలపడి, ఆ నంబరు వేరొకరి చేతికి పోతే, తల్లి పింఛను ఖాతాకు రావలసిన ఓటీపీ ఆ అపరిచితునికి చేరుతుంది.

ఇక వేలిముద్ర. దొంగ చేతిలో పడిన పాస్‌వర్డును మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఉన్న దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకొని, వాటితో రబ్బరు ముద్రలు చేసి వేలాది సిమ్ కార్డులకు ప్రాణం పోసిన ఉదంతం పోలీసుల ద్వారా వెల్లడైనది. భూమి అమ్ముకొని దస్తావేజుపై వేలు పెట్టిన రైతుకు, తన తాళంచెవిని బహిరంగంగా వేలాడదీస్తున్నానని ఎలా తెలుస్తుంది?

దొంగకు లొంగే ఈ వేలు కొన్నిచోట్ల యజమానికి లొంగదు. మట్టిలో, సున్నంలో, వంటింట్లో అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. ఆధార్ ధ్రువీకరణ విఫలమైన సందర్భాలు జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37 శాతం, గుజరాత్‌లో 6 శాతం, కృష్ణా జిల్లాలో 5 శాతం అన్న అంచనాలను 2016-17 ఆర్థిక సర్వేయే ఉదహరించింది. 2018-19లో జరిగిన బయోమెట్రిక్ సవరణలలో దాదాపు 73 శాతం, తమ ముద్రలు పనిచేయక పౌరులు రుసుము చెల్లించి చేయించుకొన్నవేనని 2022లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక తేల్చింది. అయిదు శాతం చిన్న అంకెగా కనబడవచ్చు. రేషను దుకాణం నుంచి ఖాళీ సంచితో తిరిగివచ్చిన మనిషికి అది నూరు శాతమే.

ఇదంతా చట్టసభల దృష్టికి రాలేదని అనలేము. 2016 మార్చి 11న లోక్‌సభ ఆధార్ బిల్లును ద్రవ్య బిల్లుగా ఆమోదించింది. మార్చి 16న రాజ్యసభ అయిదు సవరణలను సూచించింది. ఇష్టం లేనివారు వైదొలగే హక్కు, ఆధార్ లేనివారికి ప్రత్యామ్నాయ గుర్తింపు వాటిలో ముఖ్యమైనవి. అదే రోజున లోక్‌సభ అయిదింటినీ తోసిపుచ్చింది. ద్రవ్య బిల్లు విషయంలో పెద్దల సభకు సలహా చెప్పే అధికారమే గాని పట్టుబట్టే అధికారం లేదు గదా! 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు 4-1 తీర్పుతో చట్టాన్ని ప్రధానంగా నిలబెట్టింది. ఆ మార్గం రాజ్యాంగాన్ని వంచించడమేనని జస్టిస్ చంద్రచూడ్ అసమ్మతి తెలిపారు. తన సమాచారం దుర్వినియోగమైతే పౌరుడు స్వయంగా న్యాయస్థానానికి ఫిర్యాదు చేసుకొనే హక్కు 2019 సవరణతో గాని రాలేదు. మూడేళ్లపాటు, ఇల్లు దోపిడీ అయినవాని తరఫున తాళం చేసినవాడే ఫిర్యాదు చేయాలన్న చందంగా ఉండేది.

ఇరుగుపొరుగు దేశాలు కూడా ఇదే బాటలో ఉన్నాయి. పాకిస్థాన్‌లో 2000లో ఏర్పడిన నాద్రా సంస్థ గుర్తింపు కార్డులతో, వేలిముద్రలతో బేనజీర్ ఆదాయ సహాయ పథకం నడుస్తున్నది. నేపాల్ 2021లో ‘నాగరిక్’ యాప్‌ను ప్రవేశపెట్టింది. ఉపఖండంలో బీదవాని హక్కు యంత్రపు గుమ్మం దాటి రావలసిన రోజులివి. ఆ గుమ్మాన్ని కూలదోయమని నేను అనడం లేదు. మధ్య దళారి చేతిలో మిగిలిపోయే సొమ్ము నేరుగా ఖాతాకు చేరడం మేలే. తాళం పటిష్ఠంగా ఉండవలసిందే. కానీ చెవిని కాపాడే భారమంతా పౌరునిపై మోపి, అది పోయిన నాడు “నీ అజాగ్రత్త” అనడం పాలన అనిపించుకోదు. హెచ్చరిక సందేశం ఆయా భాషలలో, తొలి పంక్తిలోనే ఉండాలి. వేలు, ముఖం, ఫోను మూడూ పనిచేయని వారికి కాగితం తీసుకొనే మనిషి ఒకడు కౌంటరులో ఉండాలి. జీవన్ ప్రమాణ్‌కు ఆధార్ ధ్రువీకరణ స్వచ్ఛందమేనని 2021 మార్చిలో కేంద్రమే ప్రకటించింది. ఆ మాట పింఛనుదారుకు చెప్పేవారు ఎందరు?

ఈలోగా పాఠకులు కొన్ని జాగ్రత్తలు పాటించక తప్పదు. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామాను ఎవరో పంపిన లింకు ద్వారా గాక స్వయంగా టైపు చేయాలి. చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేక ‘డాట్ నిక్ డాట్ ఇన్’ ఉన్నదో లేదో చూడాలి. ఓటీపీని బ్యాంకు గానీ, ప్రభుత్వ శాఖ గానీ ఫోనులో అడగదు. అడిగినవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా దొంగే. నెట్ సెంటరులో పని ముగిశాక లాగౌట్ చేయనిదే కుర్చీ నుంచి లేవరాదు. ఫోను నంబరు మారితే ముందుగా ఆధార్‌లో, బ్యాంకులో మార్పించుకోవాలి. వాడని వేళ బయోమెట్రిక్‌లకు తాళం వేసుకొనే సదుపాయం ఆధార్ సంస్థ వద్ద ఉన్నది. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

ఆ ఉదయం మేమిద్దరం కూర్చొని ముందుగా ఆ ఖాతా పాస్‌వర్డును మార్చాము. తరువాత ఆయన ముఖాన్ని ఫోను ముందు నిలిపాము. రెప్పలు ఆర్పమన్నది యంత్రం. రెండుసార్లు వెలుతురు చాలదన్నది. కుర్చీని బాల్కనీలోకి జరిపితే మూడవసారి ఒప్పుకొన్నది. ధ్రువపత్రం అందిన సందేశాన్ని కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదువుకొన్నారు.

“అయినా ఒక కాగితం తీసి ఇవ్వవయ్యా, ఫైల్లో పెట్టుకుంటాను” అన్నారు.

మాకు తెలిసిన దుకాణంలో ప్రింటు తీయించి ఇచ్చాను. ఆ ప్రతిని దుకాణం కంప్యూటరులో నుంచి చెరిపించేదాకా ఆయన అక్కడి నుంచి కదలలేదు.