ఐచ్ఛిక ఫైలు: ‘లేదు’ అన్న జవాబును సర్వర్ ఎలా చదవాలి?

శ్రీ విజయపురంలోని మిడిల్ పాయింట్‌లో ఉంటున్న ఒక తెలుగు విద్యార్థిని ఉపకార వేతనానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నదనుకుందాం. పేరు, చిరునామా, మార్కులు తప్పనిసరి. ధ్రువపత్రం మాత్రం ఉంటే జతపరచవచ్చు, లేకున్నా ఫర్వాలేదని ఫారం చెబుతోంది. ఆమె ఆ గడిని ఖాళీగా వదిలి ‘సమర్పించు’ నొక్కింది. ‘చెల్లని ఫైలు’ అంటూ దరఖాస్తు తిరిగి వచ్చింది. ఏ ఫైలు? ఆమె పంపినదే లేదు కదా!

లోపం తెర వెనుక, సర్వర్‌లో నడిచే ప్రోగ్రాములో ఉంది. వెబ్ ఫారం ద్వారా ఫైలు పంపే పద్ధతిని 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే పత్రం ప్రతిపాదించింది. దాన్ని రాసిన ఇద్దరూ జెరాక్స్ సంస్థవారు. మన ఊళ్లలో నకలు కాగితానికి పేరుగా స్థిరపడిన జెరాక్స్ అదే. ఈ పద్ధతిలో ఫారంలోని ఒక్కో గడి ఒక్కో భాగంగా, మధ్యలో సరిహద్దు గీతతో సర్వర్‌కు చేరుతుంది. ఫైలు ఎంచుకోకపోయినా బ్రౌజర్ ఆ భాగాన్ని మానదు. పేరు లేని, ఒక్క బైటు కూడా లేని ఖాళీ సంచిని పంపుతుంది. అదే ఫారం మొబైల్ యాప్ నుంచి వస్తే ఆ భాగమే ఉండకపోవచ్చు. ‘భాగం వచ్చింది కాబట్టి ఫైలు వచ్చింది’ అని తలచే ప్రోగ్రాము ఖాళీ సంచిని తెరిచి, లోపల చిత్రం లేదని కోప్పడుతుంది. ముందుగా ఫైలు పేరు ఖాళీగా ఉందా అని చూస్తే చిక్కు తీరేది.

అయితే లేకపోవడం అంతా ఒకటే కాదు. అన్నంభట్టు తర్కసంగ్రహం అభావాన్ని నాలుగు రకాలుగా విభజించింది: వస్తువు పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, నశించిన తరువాత లేకపోవడం ప్రధ్వంసాభావం, ఇంకా రెండు. కళాశాలలో దాన్ని వల్లెవేసిన రోజుల్లో కంప్యూటర్లకు పనికివస్తుందని ఎవరూ అనుకోలేదు. కానీ పీహెచ్‌పీ భాష దాదాపు ఇదే పని చేస్తుంది. ఫైలు ఎంచుకోకపోతే 4, సగమే చేరితే 3, పరిమితి మించితే 1 అనే సంకేతం ఇస్తుంది. 4 వస్తే దరఖాస్తును నిశ్శబ్దంగా స్వీకరించాలి. 3 వస్తే దరఖాస్తుదారు ఏదో పంపదలచారని అర్థం. దాన్ని ‘ఐచ్ఛికమే కదా’ అని మింగేయడం అన్యాయం.

దీవులవారికి ఈ భేదం కాగితం మీది మాట కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ తీగ ప్రారంభమయ్యే వరకు ఇక్కడి ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడింది. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగే సంకేతానికి రానుపోను అర సెకను పడుతుంది. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ వచ్చాక పరిస్థితి ఎంతో మెరుగుపడింది. అయినా ఫోను సంకేతం బలహీనమైన చోట వేగం సెకనుకు 512 కిలోబిట్లకు పడిపోతే, 4 ఎంబీ ఫొటో చేరడానికి నిమిషానికి పైగా పడుతుంది. ఆ నిమిషంలో ఏమైనా జరగవచ్చు.

ఫొటో చేరినా మరో గండం ఉంది. పీహెచ్‌పీలో ఎవరూ మార్చకపోతే ఒక్కో ఫైలుకు పరిమితి 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ. మొత్తం పరిమితి దాటితే ఫైలుతోపాటు పేరు, చిరునామా కూడా ప్రోగ్రాముకు ఖాళీగా కనిపిస్తాయి. అప్పుడు ‘పేరు తప్పనిసరి’ అని తెరపై వస్తుంది. పేరును మూడుసార్లు సరిచూసుకున్న మనిషికి ఆ సందేశం ఎంత అయోమయమో చెప్పనక్కరలేదు. పరిమితి ఎంతో ఫారంలోనే రాయడం, ఫోనులోనే ఫొటో పరిమాణం తగ్గించడం పెద్ద ఖర్చు కాని పనులు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సవరణ సమయం. గత నెలలో ధ్రువపత్రం జతపరచిన విద్యార్థిని ఇప్పుడు ఫోను నంబరు మార్చడానికి అదే ఫారం తెరిచింది. ఫైలు గడి ఖాళీగానే ఉంటుంది; భద్రతరీత్యా బ్రౌజర్ పాత ఫైలును అందులో నింపదు. ఖాళీని ‘తొలగించు’ అని అర్థం చేసుకునే ప్రోగ్రాము ఆమె పత్రాన్ని చెరిపేస్తుంది. ప్రాగభావాన్ని ప్రధ్వంసాభావంగా మార్చడమంటే ఇదే. ఖాళీ అంటే ‘ఉన్నది ఉన్నట్టే ఉంచు’ అని అర్థం. తొలగించదలచినవారికి వేరే టిక్కు గడి ఉండాలి. జాంగో చట్రంలో ఐచ్ఛిక ఫైలుకు ఆ గడి సిద్ధంగానే వస్తుంది.

ఐచ్ఛికమైనంత మాత్రాన వచ్చిన ఫైలును తనిఖీ చేయకుండా వదలరాదు; రకం, పరిమాణం చూడవలసిందే. కానీ ఆ తనిఖీలో ఫైలు తప్పినా, సరిగా నింపిన దరఖాస్తును పారవేయడం సబబు కాదని నా అభిప్రాయం. ముందు వివరాలు భద్రపరచి, రసీదులో ‘జతపరచిన పత్రం: అందలేదు, మళ్లీ పంపవచ్చు’ అని, లేదా ‘జతపరచిన పత్రాలు: లేవు’ అని స్పష్టంగా చూపితే, మిడిల్ పాయింట్‌లోని విద్యార్థినికి తన దరఖాస్తు ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది.