మంత్రజపం – విశ్రాంతి: శ్వాస పాత్ర

యోగాభ్యాసంలో మంత్రాన్ని విశ్రాంతి సాధనంగా స్వీకరించడం నేడు పరిపాటి. పతంజలి మాత్రం ప్రణవజపానికి అర్థభావనను జోడించి, అంతరాయాల తొలగింపును దాని ఫలంగా చెప్పాడు. దేహం పొందే విశ్రాంతికి అర్థంతో అంతగా పనిలేదనిపిస్తుంది. 2001లో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన అధ్యయనంలో 23 మంది పాల్గొన్నారు. బౌద్ధ షడక్షరిని జపించినా, లాటిన్‌లో మరియమాత ప్రార్థనను పఠించినా వారి శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గింది. హృదయ, రక్తప్రసరణ లయలు ఏకకాలంలో బలపడ్డాయి. ఉచ్చారణ నిశ్వాసంపైనే సాగుతుంది కనుక మంత్రం నిడివే శ్వాస నిడివిని నిర్ణయిస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. మనుస్మృతి వాచికం కంటే ఉపాంశువును, దానికంటే మానసాన్ని శ్రేష్ఠంగా ఎంచింది. పెదవి కదలని మానసజపంలో శ్వాసకు ఈ కట్టుబాటు లేదు. విశ్రాంతిని కోరే అభ్యాసకునికి ముందుగా అక్కరకు వచ్చేది ఆ వరుసలో అడుగున నిలిచిన వాచికమే.