దేవుడి మీద ఒట్టు – రైతు మీద అప్పు

బసంత్‌నగర్: పల్లెల్లో మేక పోయినా, పొలం గెట్టు జరిగినా చివరికి మాట వేములవాడ రాజన్న దాకా వెళుతుంది. రాజన్న మీద ఒట్టు అన్నవాడిని పెద్దమనుషులు మరో ప్రశ్న అడగరు. ఇరుగుపొరుగు తగాదాలో అది చెల్లవచ్చును. రాష్ట్ర రాజకీయాలు కూడా ఇప్పుడు ఇదే పద్ధతికి వచ్చాయి.

శాసనసభ్యుల కొనుగోలు ఆరోపణపై 2022 అక్టోబరులో అప్పటి భాజపా రాష్ట్ర అధ్యక్షుడు శ్రీ బండి సంజయ్ యాదాద్రిలో తడిబట్టలతో ప్రమాణం చేశారు. మునుగోడు ఎన్నికల డబ్బు ఆరోపణపై 2023 ఏప్రిల్‌లో అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు శ్రీ రేవంత్‌రెడ్డి చార్మినార్ భాగ్యలక్ష్మి గుడిలో ప్రమాణం చేశారు. అసలు సంగతి గుడి ముందు తేలేది కాదు, తేలలేదు.

రైతుకు తగిలినది మూడో ఒట్టు. 2024 లోక్‌సభ ఎన్నికల సభల్లో ముఖ్యమంత్రి హోదాలో శ్రీ రేవంత్‌రెడ్డి ఏ ప్రాంతానికి వెళితే అక్కడి దేవుడి మీద ఒట్టుపెట్టి, ఆగస్టు 15లోగా 2 లక్షల వరకు పంట రుణం మాఫీ అన్నారు. జులై 18న లక్ష వరకు, 30న లక్షన్నర వరకు, ఆగస్టు 15న 2 లక్షల వరకు ప్రకటించారు. వారం తిరిగేసరికి బీఆర్‌ఎస్ నాయకుడు శ్రీ హరీశ్‌రావు యాదాద్రి వెళ్లి, ఒట్టు తప్పిన పాపం ప్రజలకు తగలరాదని పూజ చేశారు. ఒకరు దేవుణ్ణి జామీను పెడితే మరొకరు ఆ దేవుడికే అప్పీలు చేసుకున్నారన్నమాట!

రైతు అడిగినవి వేరు. అప్పు 2 లక్షలు దాటితే పైమొత్తం ముందుగా కట్టాలా? రేషన్ కార్డు లేని కుటుంబాన్ని ఎలా లెక్కిస్తారు? 2018 డిసెంబరు 12కు ముందటి బాకీ సంగతేమిటి? వీటికి జవాబు బ్యాంకు జాబితాలో వెతకవలసిందే. అదే ఏడు నవంబరు 30న మరో 3 లక్షల మందికి పైగా రైతులకు సుమారు 2,747 కోట్ల రూపాయలు విడుదల చేశారు. ఆగస్టు 15 నాటికి అందరికీ అందలేదని ఆ లెక్కే చెప్పింది.

నాయకుల ఒట్లు ఇలా ఉండగా, ఓటరు చేత వేయించే ఒట్టు మరొకటి ఉన్నది. నోటు చేతిలో పెట్టి దేవుడి పటం ముందు మాట తీసుకుంటారు. ఓటు మారిస్తే దేవుడి ఆగ్రహం తగులుతుందని అభ్యర్థి గాని, ఆయన సమ్మతితో మరొకరు గాని నమ్మించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను కింద నేరుగా అవినీతి చర్య. రుజువైతే ఎన్నికే రద్దవుతుంది. మతం పేరిట ఓటు అడగడమూ ఆ సెక్షను కిందికే వస్తుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు ఎత్తినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3తో తీర్పు చెప్పింది.

పోలింగు గదిలో అట్ట వెనుక ఎవరూ చూడరని తెలిసినా, పటం ముందు మాటిచ్చిన ముసలమ్మలు మాత్రం ఇంకా జంకుతూనే ఉన్నారు.