పెద్ద ఫిల్ము కెమేరాకు తొలి లెన్సు: ఎంపిక విధానము

4×5 అంగుళముల ఫిల్మును ఒక్కొక్క రేకుగా అమర్చి చిత్రము తీయు కెమేరాకు నిర్మాణము మిక్కిలి సరళము. ముందొక పలక, వెనుకనొక పలక, ఆ రెంటి నడుమ ముడుతలుగల తిత్తి: ఇంతియే కెమేరా. వెనుకనున్న గరుకు గాజుపై బింబము తలక్రిందుగా కన్పట్టును. దానిని చూచి సరిచేసికొని, పిమ్మట ఆ గాజు స్థానమున ఫిల్మును నిలిపి చిత్రము తీయుదురు. లెన్సు ఈ కెమేరాతో కలిసి రాదు. దానిని వేఱుగా సంపాదించి ముందుపలకకు బిగించుకొనవలెను. కావున ఈ కెమేరాను చేపట్టువానికి మొదట ఎదురగు ప్రశ్న, ఏ లెన్సు కొనవలెనన్నదే. ఈ ఎంపికలో పొరబడినవారు కెమేరా తమకు లొంగలేదని తలచి, దానినే అటకపై పెట్టుట కద్దు.

చేతిలోని ఫోనుతో క్షణములో చిత్రము తీయగల ఈ కాలమున ఇంత శ్రమ యేల యని శంకింపవచ్చును. 4×5 ఫిల్మునందు చిత్రము పడు వైశాల్యము, 35 మి.మీ. ఫిల్మునందలి దానికి సుమారు 13 రెట్లు. శాసనమందలి అరిగిన అక్షరము, స్తంభముపై చెక్కిన సన్నని రేఖ, వందమంది నిలిచిన చిత్రమున వెనుక వరుసలోని ముఖము దీనియందు చక్కగా నిలుచును. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడగు లిన్నేయస్ ట్రైప్ 1858లో మదురయందు తిరుమలనాయకుని మహలును పెద్ద కాగితపు నెగటివులపై చిత్రించెను. ఆ యేడే తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానమునందలి శాసనమును 21 చిత్రములుగా తీసి వరుసగా నతికెను. ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) హైదరాబాదును గాజుపలకలపై చిత్రించెను. ఆ పలకలు అనేకము నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. ఆ స్థానమున క్రొత్త గోపురము లేచినను, పాతదాని రూపము నేడు చిత్రములయందే చూడవలెను. తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి యిండ్లు, దేవళములు, మఠములు, తామ్రశాసనములు కూడ ఇట్టి స్థితిలోనివే. వానిని చిత్రించి దాచదలచినవారికి ఈ కెమేరా పనికివచ్చును. అయితే లెన్సు ఆ పనికి తగినదై యుండవలెను.

నాభ్యంతరము

దూరవస్తువు యొక్క బింబము స్పష్టముగా నేర్పడుటకు లెన్సుకును ఫిల్మునకును నడుమ నుండవలసిన దూరమును స్థూలముగా నాభ్యంతరమని చెప్పవచ్చును. ఈ సంఖ్య లెన్సు అంచుపై చెక్కబడియుండును. ఫిల్ము కర్ణమునకు ఇంచుమించు సమానమైన నాభ్యంతరము గలదానిని సాధారణ లెన్సందురు. 4×5 ఫిల్మున అంచులు పోగా చిత్రము పడు చోటు సుమారు 95×120 మి.మీ.; దాని కర్ణము 153 మి.మీ. కావున దీనికి 150 మి.మీ. సాధారణ లెన్సు. 5×7 ఫిల్మునకు 210, 8×10 ఫిల్మునకు 300 మి.మీ. ఆ స్థానమును వహించును. చిన్న కెమేరాకు అలవాటుపడినవారు 150 అనగానే దూరమునున్నదానిని దగ్గరకు తెచ్చు లెన్సని భ్రమింతురు. నిజమునకు చిన్న కెమేరాలో 42 మి.మీ. లెన్సు చూపునంత మేరనే ఇది చూపును.

90 మి.మీ. లెన్సు ఇఱుకు గదులకు, సన్నని వీథులకు మేలైనది. కాని గరుకు గాజుపై దాని బింబము అంచులయందు మసకగా నుండును. తిత్తిని మిక్కిలి అణచవలసివచ్చుటచే పలకలు స్వేచ్ఛగా కదలవు. క్రొత్తవానికి ఇది రెండవ లెన్సుగా తగును గాని మొదటిదిగా తగదు. 210 మి.మీ. లెన్సుతో కొంత దూరముగా నిలిచి తీయవలెను గాన ముఖచిత్రములు సహజముగా వచ్చును.

బింబవృత్తము

క్రొత్తవారు సాధారణముగా గమనింపని గుణ మిదియే. లెన్సు ఫిల్ముపై వేయు వెలుగు గుండ్రని వలయము. ఫిల్ము ఆ వలయములో ఇముడవలెను. 150 మి.మీ. అని చెక్కిన లెన్సులన్నియు ఒకే కొలత వలయమును వేయవు.

గోపురమును చిత్రించుటకు కెమేరాను పైకెత్తినచో దాని పార్శ్వరేఖలు పైన ఒకదానివైపొకటి ఒరిగి, కట్టడము వెనుకకు వాలినట్లు కన్పట్టును. పెద్ద కెమేరాలో దీనికి నివారణ కలదు. కెమేరాను సమముగా నుంచి, లెన్సుగల ముందుపలకను మాత్రము పైకి జరుపుదురు. పలకను ఎంత జరిపిన అంత పెద్ద వలయము కావలెను. వలయము చాలనిచో చిత్రపు మూలలు నల్లబడును.

1902లో జైస్ సంస్థ కొఱకు పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సారు జాతి లెన్సునందు నాలుగు గాజులుండును. అది సుమారు 60 డిగ్రీల మేర చూపును, 150 మి.మీ. లెన్సైనచో వలయము 173 మి.మీ. అదే రుడాల్ఫ్ 1918లో రూపొందించిన ప్లాస్మాటు జాతియందు ఆరు గాజులుండును. దాని నుండి పెరిగిన ఇటీవలి లెన్సులు అపర్చరును ఎఫ్/22 వఱకు మూసినపుడు సుమారు 70 డిగ్రీలు చూపి, 210 మి.మీ. వలయము నిచ్చును. ఫిల్మును నిలువుగా నుంచినపుడు ముందుపలకను మొదటిదానితో 12 మి.మీ., రెండవదానితో 33 మి.మీ. పైకి జరుపవచ్చును.

ఈ భేద మల్పముగా తోచును గాని లెక్కించి చూచిన తెలియును. నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున కెమేరా నుంచి, 20 మీటర్ల గోపురమునకు 30 మీటర్ల దూరమున నిలిచితి మనుకొందము. పలకను జరుపనిచో పదమూడున్నర మీటర్ల ఎత్తువఱకే చిత్రమున పడును. టెస్సారుతో సుమారు 16 మీటర్ల వఱకు వచ్చును, కలశము లందవు. ఆరు గాజుల లెన్సుతో 20 మీటర్లును వచ్చును. ఇంకను వెనుకకు పోవుటకు వీథిలో చోటు లేనిచోట పని సాగునా ఆగునా యన్నది ఈ 21 మి.మీ. భేదము వలననే తేలును. పాత పత్రికా కెమేరాలతో వచ్చిన 127 మి.మీ. ఎక్టారు వంటి లెన్సులు స్పష్టమైనవే యైనను, 4×5 ఫిల్మును కప్పుటకే సరిపోవును. పలకను జరుపుటకు దాదాపు చోటియ్యవు.

తిత్తి పొడవు

సమీపవస్తువును తీయునపుడు తిత్తిని ఇంకను సాగదీయవలెను. ఉన్నంత పరిమాణమున తీయుటకు నాభ్యంతరమునకు రెట్టింపు సాగవలెను. వెలుగును నాలుగు రెట్లు సోకింపవలెను. సగము పరిమాణమునకు ఒకటిన్నర రెట్లు సాగిన చాలును. అప్పుడు వెలుగు రెండుంబావు రెట్లు. 300 మి.మీ. తిత్తిగల కెమేరాలో 150 మి.మీ. లెన్సుతో తామ్రశాసనపు ముద్రను ఉన్నంత పరిమాణమున తీయవచ్చును. 210 మి.మీ. లెన్సుకు 420 మి.మీ. కావలెను గాన ఆ కెమేరాతో సాధ్యము కాదు. కావున లెన్సు కొనుటకు ముందే తిత్తిని కొలిచి చూచుకొనవలెను.

అపర్చరు, షట్టరు

ఎఫ్/4.5 వంటి పెద్ద అపర్చరు కొఱకు అధికముగా చెల్లించుట వ్యర్థము. ఈ కెమేరాతో చిత్రము తీయునది ఎఫ్/16 లేక ఎఫ్/22 వద్దనే. పెద్ద అపర్చరు గరుకు గాజుపై బింబమును చూచుకొనుటకు మాత్రమే యుపకరించును. అందుకు ఎఫ్/5.6 చాలును. ఎఫ్/8 లెన్సులో బింబము అందు సగము వెలుగుతోనే కన్పట్టును గాన మండపములలో కష్టమగును.

షట్టరు లెన్సులోనే యిమిడియుండును గనుక లెన్సు ఎంత మంచిదైనను షట్టరు చెడినచో నిష్ప్రయోజనము. ఎఫ్/22 వద్ద నీడపట్టున అరసెకను, ఒక సెకను, అంతకు మించియు కావలసివచ్చును. పాత షట్టరులలో మొదట చెడునవి ఈ నిదానపు వేగములే. ఎండిన నూనె వలన ఒక సెకను రెండు సెకనులగును. కోపాల్ సంస్థ షట్టరులు నేడు తయారగుట లేదు; మంచి స్థితిలోని పాతవానినే వెదుకవలెను. 150 మి.మీ. ఎఫ్/5.6 లెన్సులు సాధారణముగా కోపాల్ సున్న షట్టరులో నుండును. దానికి లెన్సు పలకలో 34.6 మి.మీ. రంధ్రము కావలెను.

పాత లెన్సును పరీక్షించుట

లెన్సును దీపమున కెదురుగా పట్టి, అపర్చరు తెఱచి, రెండు వైపులనుండియు లోనికి చూడవలెను. ఒకటి రెండు సన్నని గీతలు, కొంచెము ధూళి చిత్రమునకు హాని చేయవు. సాలెగూడు వలె వ్యాపించిన బూజున్నచో మానుకొనుట మేలు. సముద్రతీరపు ఊళ్లలో దాచిన లెన్సులను ఈ విషయమున మఱింత శ్రద్ధగా చూడవలెను. గాజులను అతికిన జిగురు విడినచో అంచున వెండి మెఱపువంటి మచ్చ కన్పట్టును. అన్ని వేగములను వరుసగా విడిచి చెవియొగ్గి వినవలెను. లెన్సును పలకకు బిగించు మర కలదో లేదో అడుగవలెను. కొన్న పిమ్మట తేమ తగులనిచోట భద్రపఱుపవలెను.

ముగింపు

పైవన్నియు కలిపి చూచినచో, 4×5 కెమేరాకు తొలి లెన్సుగా 150 మి.మీ., ఎఫ్/5.6, ఆరు గాజులది, సరిగా నడచు షట్టరులో నున్నది ఉత్తమము. ష్నైడరు సిమ్మార్-ఎస్, రోడెన్‌స్టాక్ సిరోనార్-ఎన్, నిక్కోర్-డబ్ల్యు, ఫ్యూజినాన్-డబ్ల్యు ఇట్టివే. వీనిలో పేరును బట్టి కాక స్థితిని బట్టి ఎన్నుకొనవలెను. ముఖచిత్రములే ప్రధానముగా తీయువారు, తిత్తి చాలినచో, 210 మి.మీ. తీసికొనవచ్చును. తక్కిన ధనమును ఫిల్మునకు వినియోగించి, ఒక యేడాది ఆ ఒక్క లెన్సుతోనే పని చేయుట మంచిది. అప్పటికి రెండవ లెన్సు అవసరమో కాదో, అవసరమైన నేదో, చేసిన పనియే తెలుపును. అంతలో ఒక పాత గోపురమో, ఒక పూర్వుల యిల్లో, ఒక శాసనమో నిలిచియుండగనే ఫిల్ముపై భద్రమగును.