కంప్యూటర్లలో బృంద సభ్యత్వము

హైదరాబాదునకు పడమట మాదాపూరులో 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దాని చుట్టును పెరిగిన హైటెక్ సిటీలోని పలు కార్యాలయములలో బల్లలపై విండోస్ కంప్యూటర్లును, ఫైళ్ళను భద్రపరచు సర్వర్లలో లినక్స్‌ను కనిపించును. ఒకే ఉద్యోగి రెంటితోను పనిచేయవలెను. ఏ ఫైలును ఎవరు తెరవవచ్చునో ఈ యంత్రములు ఎట్లు తెలిసికొనును?

నూరుమంది ఉద్యోగులు, వెయ్యి ఫైళ్ళు ఉన్నచోట విడివిడిగా అనుమతి నిచ్చుటకు లక్ష నిర్ణయములు కావలెను. అందుచేత ఉద్యోగులను బృందములుగా చేర్చి, అనుమతిని బృందమునకు ఇచ్చెదరు. బృందములో చేరినవారికి హక్కు వచ్చును; తొలగినవారికి పోవును.

అయితే కంప్యూటరు అనుమతిని పేరునుబట్టి గాక సంఖ్యనుబట్టి నిర్ణయించును. లినక్స్‌లో సర్వాధికారి సంఖ్య 0. ఉబుంటు వంటి రకములలో మొదటి సామాన్య వినియోగదారునకు 1000, రెండవవానికి 1001 వచ్చును. విండోస్‌లో ఈ గుర్తింపు సంఖ్య చాల పొడవైనది.

చిక్కు ఇచ్చటనే కలదు. ఒక పాఠశాలలో రెండు లినక్స్ యంత్రములు ఉన్నవనుకొందము. మొదటిదానిలో 1001 గణితోపాధ్యాయుడు. రెండవదానిలో 1001 గుమాస్తా. సంఖ్యను మాత్రమే చూచు పద్ధతిలో ఆ యంత్రములు ఫైళ్ళను పంచుకొన్నచో, ఉపాధ్యాయుని ప్రశ్నపత్రమును గుమాస్తా నిరాటంకముగా తెరువగలడు! యంత్రము పొరబడలేదు, పట్టీలు రెండైనవి.

దీనికి విరుగుడు ఒకే పట్టీ నుంచుట. 2000లో విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ అట్టిదే. లినక్స్ యంత్రములు కూడ దానిని సంప్రదింపగలవు. విండోస్ సంఖ్యనుండి లినక్స్ సంఖ్యను అన్ని యంత్రములును ఒకే సూత్రముతో గణించినచో, ఒక మనిషికి అంతటను ఒకే సంఖ్య వచ్చును. ఒకచోట పేరు కొట్టివేసిన రెండు వ్యవస్థలలోను హక్కు పోవును.

రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది: సభ్యత్వమును యంత్రము సాధారణముగా లాగిన్ సమయముననే చూచును. లోపల ఉన్నవాని పేరును పట్టీనుండి తీసివేసినను, అతడు బయటికి వచ్చువరకు పాత హక్కు నిలిచియుండవచ్చును. కనుక పేరు తీసివేసి, అతనిని లాగౌట్ కూడ చేయింపవలెను. రెండవది: లినక్స్‌లో ఒకనిని కొత్త బృందమున చేర్చుటకు 'యూజర్‌మాడ్' ఆజ్ఞను పెద్ద 'జి' అక్షరముతో వాడుదురు. దానికి చిన్న 'ఎ' అక్షరమును జతచేయనిచో, అతడు మునుపున్న అదనపు బృందములనుండి తొలగిపోవును.

పాఠశాల కంప్యూటర్లను చూచు ఉపాధ్యాయులు బదిలీలు జరిగినప్పుడెల్ల ఈ పట్టీని ఒకమారు చదువవలెను. వెళ్ళిపోయినవారి పేరు అందులో మిగిలియున్నచో, వారి చేతిలో తాళపుచెవి మిగిలియున్నట్లే.