పిత్తాశయ శస్త్రచికిత్స - ఏ పద్ధతి మేలు?

గ్రామమున ఎవరికైనను జబ్బు చేసి శస్త్రచికిత్స అవసరమైనచో, కుటుంబమువారు పంచాయతీ సభ్యులను సలహా అడుగుట పరిపాటి. పిత్తాశయములోని రాళ్ల విషయమున "నాలుగు రంధ్రములా, ఒకటే రంధ్రమా?" అను ప్రశ్న వినవచ్చుచున్నది. దానిని గూర్చి కొన్ని విషయములు తెలుపుచున్నాము.

కాలేయము క్రింద చిన్న తిత్తివలె నుండునది పిత్తాశయము. దీనినే చేదుకట్టు అందురు. కాలేయమున పుట్టిన పైత్యరసము ఇందు నిలువయుండి, భోజనానంతరము నాళము ద్వారా ప్రేవులకు చేరును. ఇందు రాళ్లేర్పడినచో కుడి ప్రక్కటెముకల క్రింద తీవ్రమైన నొప్పి, వాంతులు కలుగవచ్చును. బాధ పెట్టని రాళ్లకు సాధారణముగా శస్త్రచికిత్స అక్కరలేదు. బాధ పెట్టు రాళ్లకు పిత్తాశయమును తీసివేయుటయే స్థిరమైన చికిత్స. అది లేకున్నను పైత్యరసము నేరుగా ప్రేవులకు చేరును గనుక జీర్ణక్రియ సాగును.

1882లో బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుఖ్ మొదటిసారి పొట్టను కోసి పిత్తాశయమును తొలగించెను. నూరేండ్ల పిమ్మట, 1985లో, జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రము ద్వారా ఆ పని చేసెను. మన దేశమున డాక్టరు ఉద్వాడియా 1990లో బొంబాయిలో ఈ విధానమును ప్రారంభించెను.

ఇందు పొట్టను బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బించి, బొడ్డువద్ద గంటు ద్వారా కెమెరా గల గొట్టమును పంపుదురు. నాలుగు రంధ్రముల పద్ధతిలో సాధారణముగా రెండు రంధ్రములు పది మిల్లీమీటర్లు, రెండు అయిదు మిల్లీమీటర్లు ఉండును. ఒక పరికరము పిత్తాశయమును పైకెత్తి పట్టగా, తక్కినవి పని చేయును. అనుభవజ్ఞులు సులభమైన రోగులకు మూడు రంధ్రములతోనే ముగింపగలరు. ఒకే రంధ్రపు పద్ధతిలో మచ్చ బొడ్డులో దాగును. కాని పరికరములన్నియు ఒకే త్రోవన పోవుటచే ఒకదానికొకటి అడ్డుపడును, కాలము హెచ్చు పట్టును, బొడ్డువద్ద హెర్నియా వచ్చు అవకాశము కొంత అధికము.

అసలు ప్రమాదము రంధ్రముల సంఖ్యలో లేదు. పిత్తాశయపు నాళమనుకొని ప్రధాన పైత్యనాళమునే కోసినచో రోగి సంవత్సరముల తరబడి బాధపడవలసి వచ్చును. ఇది అరుదైనను ఘోరమైనది. అందుచేత 1995లో అమెరికా వైద్యుడు స్ట్రాస్‌బెర్గు, ఆయన సహచరులు ఒక నియమమును వివరించిరి: కొవ్వును, పొరలను తొలగించి, పిత్తాశయపు దిగువభాగమును కాలేయమునుండి విడదీసి, దానిలోనికి రెండే, అనగా ఒక నాళము, ఒక రక్తనాళము మాత్రమే పోవుచున్నవని కన్నులార చూచిన పిమ్మటనే కోయవలెను. వాపుచే అది కానరానిచో, మరియొక రంధ్రము చేయుటయో, పొట్టను కోయుటయో వివేకము. దానిని వైద్యుని ఓటమిగా తలంపరాదు. పొట్ట కోసినచో కోలుకొనుటకు మరికొన్ని వారములు పట్టును. నాళము తెగుటతో పోల్చినచో అది స్వల్పము.

కావున సలహా కోరువారితో "ఒకే రంధ్రముతో చేయుడని వైద్యుని నిర్బంధింపకుడు, ఆయన కలవాటైన పద్ధతినే చేయనిండు" అని చెప్పుడు. శస్త్రచికిత్సకు ముందే, అవసరమైనచో పొట్ట కోయుటకు కుటుంబము సమ్మతి తెలుపుట మంచిది. పిమ్మట రెండు మూడు దినములు భుజమున నొప్పి యుండుట వాయువు వలన కలుగునదే. కాని కన్నులు పచ్చబడినను, జ్వరము వచ్చినను, పొట్టనొప్పి హెచ్చినను నాటు మందులతో కాలము గడుపక, ఆనాడే ఆస్పత్రికి చేర్పించుడు. ఈ ఒక్క మాట గ్రామమున నాటుకొన్నచో కొన్ని ప్రాణములు నిలుచును.