నడుం పడిపోదు, తమ్ముణ్ని పంపండి

తలసీమియా బిడ్డకు తోడబుట్టినవాడి మూలుగ సరిపోయిందని రిపోర్టు వచ్చినా, కొన్ని ఇళ్లలో ఆ కాగితం బీరువా దాటదు. "నడుం బొక్కల సూది దించిన్రంటే పిలగాడు ఇగ మూట ఎత్తలేడు" అని ఎవరో అంటారు, అంతే. పాలమూరు కూలీ ఇంట్లో ఒళ్లే ఆస్తి కాబట్టి తల్లి భయం అర్థమవుతుంది. ఆ మాటను ఊరూరా మోసే పెద్దమనుషులే అర్థం కారు.

సూది దిగేది తుంటి ఎముక వెనక అంచులోకి, అదీ మత్తిచ్చాక. వెన్నుపాము ఆ దరిదాపుల్లోనే ఉండదు. ఎముక కోయరు, విరవరు. సిరంజిలోకి వచ్చేది చిక్కటి రక్తంలాంటి ద్రవం. రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉండేది అందులోనే. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు దాటనివ్వరు. తీసింది కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది. కొన్నాళ్లు తుంటి సలుపుతుంది, కాదనను.

అసలు నష్టం మూలుగ మార్పిడి ఆలస్యం చేయడంలో ఉంది. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించే రక్తంతో ఇనుము కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. అది ముదిరేకొద్దీ మార్పిడి ఫలించే అవకాశం తగ్గుతుంది. రక్తం తక్కువుందని పైనుంచి ఐరన్ టానిక్కు పట్టించే మహానుభావులకు ఏం చెప్పాలి?

మూలుగ పరీక్షకూ అదే నడుం భయం. అందులో తీసేది చాలా కొంచెం. మూలకణాలు ఎండిపోయాయా, దారితప్పి లుకేమియాగా మారాయా అని అది చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

"ఫ్లోరైడ్ నీళ్లు తాగిన బొక్కలు పనికిరావు" అని మర్రిగూడ, మునుగోడు వైపు అంటారు. ఇందులో కాస్త నిజముంది. ముదిరిన ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడి మూలుగకు చోటు తగ్గుతుంది. కానీ దాతను ముందే పరీక్షిస్తారు. పనికిరావనే మాట డాక్టరు చెప్పాలి, అరుగు మీది మామ కాదు.

మూలకణాల మీద ఇంకో అపోహ కూడా ఉంది. మూలకణ పరిశోధనంటే పిండాలను చంపడమే అనేది పాతమాట: జపాన్ శాస్త్రవేత్త యమనక 2007లోనే మనిషి చర్మకణాలను మూలకణాలుగా మార్చి చూపించారు. బొడ్డు రక్తం దాచుకుంటే అదే బిడ్డ తలసీమియా నయమవుతుందా? ఆ రక్తంలోనూ అదే జన్యులోపం ఉంటుంది, డబ్బు దాచుకోండి.

తోడబుట్టిన ఒక్కొక్కరితో సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే, కాబట్టి అందరికీ మూలుగ సరిపోతుందో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. హైదరాబాద్ నిమ్స్‌లో మూలుగ మార్పిడి చేస్తారు. కోల్ ఇండియా తలసీమియా బాల సేవా యోజన కింద 10 లక్షల దాకా సాయం ఉంది, అర్హతలు అడగండి. కడుపుతో ఉన్న కోడలికి మొదటి నెలల్లోనే తలసీమియా జన్యువును పసిగట్టే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించండి. ఆమె తలసీమియా వాహకురాలని తేలితే కొడుకును కూడా అదే రోజు ల్యాబుకు తీసుకెళ్లండి.